జంషెడ్‌పూర్ పొగ, సముద్రం లోతు: కార్బన్ లెక్క తేలిన చరిత్ర

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. 1912లో సాక్చిలోని కొలిమి నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు ఎక్కడుంది?

నేను జంషెడ్‌పూర్‌లో ఉండి ప్రిపేర్ అవుతున్నాను. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ పొగ గురించి నేనెప్పుడూ ఈ ప్రశ్న వేసుకోలేదు. సముద్రాల గురించి చదువుతున్నప్పుడు జవాబు దొరికింది. చరిత్ర, భూగోళం, పర్యావరణం మూడూ కలిసే టాపిక్ ఇది. ఒక్కసారి అర్థమైతే మూడు చోట్లా పనికొస్తుంది.

సాక్చి నుంచి మొదలు

స్వదేశీ ఉద్యమకాలంలో, 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్న సాక్చి గ్రామాన్ని ఎంచుకున్నారు. మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని ఖనిజం, ఝరియా బొగ్గు దగ్గర్లో ఉండటం కలిసొచ్చింది. 1911 డిసెంబరులో మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు వచ్చాయి. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ రెండు పనులు చేస్తుంది. వేడినిస్తుంది, ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఆ రెండో పని వల్లే ఉక్కు పరిశ్రమకు కార్బన్‌ను వదిలించుకోవడం అంత కష్టం. ఈ దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

‘సముద్రం మింగేస్తుందిలే’ అన్న నమ్మకం

1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్, బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని లెక్కగట్టాడు. కానీ చాలామంది పట్టించుకోలేదు. అంత పెద్ద సముద్రం ఉండగా ఈ వాయువు గాలిలో మిగలదని వారి ధీమా. ఆ ధీమాకు ఆధారం లేకపోలేదు. గాలిలో ఉన్న కార్బన్‌కు దాదాపు 50 రెట్లు సముద్రంలో ఉంది.

1957లో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ రాసిన పరిశోధన పత్రం ఆ ధీమాను దెబ్బతీసింది. సముద్రజలం ఈ వాయువును కరిగించుకుంటుంది, కానీ దాని రసాయన స్వభావమే ఒక హద్దు పెడుతుంది. గాలిలో ఇది 10 శాతం పెరిగితే, పైపొర నీటిలో కరిగి ఉన్న మొత్తం కార్బన్ దాదాపు ఒక్క శాతమే పెరుగుతుంది. దీన్నే రెవెల్ ఫ్యాక్టర్ అంటారు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద కొలతలు మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల భాగాలకు సుమారు 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. సముద్రం అంతా మింగేయలేదన్నమాట.

లోతుకు ఎలా వెళ్తుంది?

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. జంషెడ్‌పూర్ పొగ పక్కనే ఉన్న బంగాళాఖాతంలో మునుగుతుందని అనుకోవద్దు. ఈ వాయువు గాలిలో ప్రపంచమంతా కలిసిపోతుంది. పైగా నదుల మంచినీరు బంగాళాఖాతం మీద తేలికైన పొరలా పరుచుకుని ఉంటుంది. అందువల్ల పైనీరు కిందికి దిగదు.

నీరు దిగే చోట్లు వేరు: గ్రీన్‌లాండ్ పక్కనున్న ఉత్తర అట్లాంటిక్, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం. అక్కడి చల్లని, ఉప్పెక్కువైన, బరువైన నీరు కరిగిన వాయువుతో సహా లోతుకు జారుతుంది. ఇది ‘కరుగుదల పంపు’. రెండోది ‘జీవ పంపు’. సూక్ష్మ వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియతో కార్బన్ తీసుకుంటాయి. వాటి అవశేషాల్లో కొంత భాగం అడుగుకు రాలుతుంది. మనిషి అదనంగా వదిలిన వాయువు విషయంలో ఇప్పటివరకు ముఖ్యపాత్ర మొదటిదే. లోతుకు దిగిన నీరు మళ్లీ పైకి రావడానికి వందల నుంచి వెయ్యేళ్లు పడుతుంది.

లెక్క తేలిన రోజు

1970లలో జియోసెక్స్, 1990లలో వోస్ కార్యక్రమాల కింద నౌకలు ప్రపంచ సముద్రాలన్నిటిలో నీటి నమూనాలు తీశాయి. అణుపరీక్షల నుంచి వచ్చిన ట్రిటియం, ఫ్రిజ్‌ల నుంచి వచ్చిన సీఎఫ్‌సీ ఎంత లోతుకు చేరాయో చూసి, నీరు ఎప్పుడు దిగిందో తెలుసుకున్నారు. 2004లో క్రిస్టఫర్ సబీన్ బృందం ఫలితం ప్రకటించింది: 1800 నుంచి 1994 వరకు సముద్రం దాచుకున్నది సుమారు 11,800 కోట్ల టన్నుల కార్బన్. శిలాజ ఇంధనాలు, సిమెంటు నుంచి వెలువడిన దానిలో దాదాపు సగం.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోండి: ఇది కార్బన్ లెక్క. కార్బన్ డయాక్సైడ్ కావాలంటే 3.67తో గుణించాలి.

అసలు విషయం ఆ లెక్కలోనే ఇంకొకటి ఉంది. ఆ కార్బన్‌లో సగం దాకా 400 మీటర్ల లోపే ఉంది. లోతట్టు సముద్రంలో చోటుకు కొదవ లేదు, కిందికి దిగే దారే ఇరుకు. మనం వదిలే వేగం ఏళ్లలో, అది దాచుకునే వేగం శతాబ్దాల్లో. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే వ్యాసం మొత్తం గుర్తున్నట్టే.

ఈ సేవ ఉచితమూ కాదు. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గరున్న పైనీటి పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, హైడ్రోజన్ అయాన్లు సుమారు 30 శాతం పెరిగాయని అర్థం. గుల్లలు, పగడాలు కట్టుకునే జీవులకు అది నష్టం.

మనమే పంపితే?

1977లో ఇటలీకి చెందిన చేజరే మార్కెట్టి, ఈ వాయువును పట్టి జిబ్రాల్టర్ దగ్గర కిందికి దిగే ప్రవాహంలో కలపాలన్నాడు. తర్వాతి కాలంలో సముద్ర జీవులకు హాని అన్న అభ్యంతరాలతో ఆ దారి మూసుకుంది. 2009లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ మహాసముద్రంలో సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపాయి. దాని పేరు లోహాఫెక్స్. అందులోని ‘లోహ’ మన లోహమే. ప్లవకాలు పెరిగాయి. కానీ వాటిని చిన్న జలచరాలు తినేశాయి. అడుగుకు చేరిన కార్బన్ స్వల్పం.

మళ్లీ జంషెడ్‌పూర్‌కు

2021 సెప్టెంబరులో ఇక్కడి టాటా స్టీల్ కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు నుంచి రోజుకు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్లాంటు మొదలైంది. 2023 ఏప్రిల్‌లో ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ పంపి పరీక్షించారు. మంచి అడుగులే. కానీ లెక్క చూడండి: రోజుకు 5 టన్నులంటే ఏడాదికి దాదాపు 1,800 టన్నులు. అది వెయ్యి టన్నుల ఉక్కు తయారీలో వచ్చేంత కూడా కాదు. ఇక్కడి సామర్థ్యం ఏడాదికి కోటి టన్నుల స్థాయిలో ఉంది. ఈ కొలిమి ఆగితే మా వీధిలో చాలా ఇళ్లకు జీతం ఆగుతుంది. అలాగని పొగ బాకీ సముద్రం తీరుస్తుందని కూర్చోలేం. 2070 నికర సున్నా లక్ష్యం ముందున్న అసలు చిక్కు ఇదే.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. వదిలిన వాయువులో నూరేళ్ల తర్వాత కూడా దాదాపు ఐదింట రెండు వంతులు గాలిలోనే మిగులుతుంది. మిగతాది నేల, సముద్రం పంచుకుంటాయి. అంటే 1912 నాటి పొగ కథ ఇంకా ముగియలేదు. మీరు జవాబు రాసేటప్పుడు ‘సముద్రం ఒక కార్బన్ సింక్’ అని ఆపేయకండి. అది ఎంత నెమ్మదైన సింకో కూడా రాయండి.

సాధన కోసం: ‘లోతట్టు సముద్రానికి సామర్థ్యం ఉంది, వేగం లేదు.’ భారత ఉక్కు రంగం నేపథ్యంలో చర్చించండి. 250 పదాలు.