మద్రాసు తీరాన గోళాకార తారాగుచ్ఛాల పరిశీలన

ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ బంతిలా పోగుపడిన లక్షలాది వృద్ధ నక్షత్రాల గుంపును గోళాకార తారాగుచ్ఛం అంటారు. చెన్నై ఉత్తర భాగాన, సముద్రం ఒడ్డునున్న రాయపురం 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఇంగ్లండులో ఎన్నడూ ఉదయించని ఒమేగా సెంటారి ఇక్కడ ఆగ్నేయాన పైకి వచ్చి, దక్షిణాన 29 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. దాన్ని టోలెమీ నక్షత్రంగానే లెక్కించాడు. మామూలు నక్షత్రం కాదని 1677లో సెయింట్ హెలెనా దీవి నుంచి హేలీ గుర్తించాడు.

మద్రాసులో 1786లో విలియం పెట్రీ ఎగ్మూరులో సొంతంగా వేధశాల పెట్టుకున్నాడు. 1792లో అది నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వేధశాలగా మారింది. పరికరాన్ని మోసిన రాతి స్తంభం మీద తెలుగు శాసనమూ ఉంది. ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో అక్కడి ఖగోళ శాస్త్రజ్ఞుడు టి.జి. టేలర్ 11,000 నక్షత్రాల పట్టిక సిద్ధం చేశాడు.

అసలు ఘట్టం 1860లో, ఇంగ్లండులో మొదలైంది. జ్యేష్ఠకూ, అనూరాధ ఉత్తర తారకూ నడుమ ఎం80 అనే గుచ్ఛం ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ పోగ్సన్ దాని పక్కనున్న రెండు చరకాంతి తారలను క్రమం తప్పకుండా చూసేవాడు. మే 28న మసక మచ్చ ఉండాల్సిన చోట అతనికి 7.6 కాంతి తరగతి నక్షత్రం మెరుస్తూ కనిపించింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆవర్స్ దాన్ని వారం ముందే, 21న చూశాడు. కొద్ది వారాల్లో అది మాయమై గుచ్ఛం మునుపటిలాగే మిగిలింది. టి స్కార్పై అనే ఈ నవ్యతార (హఠాత్తుగా వెలిగి మసకబారే తార) గోళాకార గుచ్ఛంలో నమోదైన మొదటిది. పక్క తారలపై నిఘా లేకుంటే పోగ్సన్‌కు అది దొరికేది కాదు.

1861లో మద్రాసు వేధశాల బాధ్యత చేపట్టిన పోగ్సన్ ఆ శ్రద్ధనే ఇక్కడికి తెచ్చాడు. ఆ ఏప్రిల్‌లోనే ‘ఆసియా’ గ్రహశకలాన్ని కనుగొన్నాడు. అతని సహాయకుడు, నిపుణుడైన పరిశీలకుడు చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చరకాంతి తారను కనుగొన్నాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడం గురించి దేశభాషల్లో చిన్న పుస్తకం వెలువరించాడు.

1899లో ఖగోళ పరిశీలన కొడైకెనాల్‌కు తరలింది. ఆ తర్వాత హైదరాబాదు నిజామియా వేధశాల ఫొటోలు తీసిన –17 నుంచి –23 డిగ్రీల ఆకాశ మండలంలోకి ఎం80 కూడా వస్తుంది. 1986లో తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల వైణు బప్పు దూరదర్శిని ప్రారంభమైంది.

నేటి రాయపురంలో రేవు దీపాల వెలుగు, సముద్రపు తేమ ప్రధాన ఆటంకాలు. 5 డిగ్రీల ఎత్తుకైనా లేవని 47 టుకానే గుచ్ఛం వాటిలోనే కలిసిపోతుంది. మే నెల రాత్రుల్లో ఒమేగా సెంటారి, జ్యేష్ఠ పక్కనే ఉన్న ఎం4 బైనాక్యులర్‌కు అందుతాయి.