చదువులో చేతిపని: పెన్న ఒడ్డు చెప్పే పాఠం

మన తరంలో హైస్కూలు చదివిన వారిలో చాలామందికి క్రాఫ్టు పీరియడు గుర్తుండే ఉంటుంది. తకిలీ మీద నూలు వడకడం, అట్టపెట్టెలు చేయడం, బడి తోటలో పాదులు తీయడం, ఆడపిల్లలకు కుట్టుపని. లెక్కల పాఠాలు మిగిలిపోతే ముందుగా ఎగిరిపోయేది ఆ పీరియడే. ఎవరూ లెక్కచేయని ఆ గంట వెనుక పెద్ద చరిత్రే ఉంది. అందులో మన నెల్లూరు తీరానికీ చోటుంది.

మైపాడు సముద్రతీరం ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు పూనుకోగా పొణకా కనకమ్మ గారు భూమి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి అండగా నిలిచిన పార్సీ రుస్తుంజీ విరాళం ఇచ్చారు. ఆశ్రమ భవనానికి ఆయన పేరే పెట్టారు. రాట్నం, ఖద్దరు ఆ ఆశ్రమ జీవనానికి ఊపిరి. కనకమ్మ గారు 1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం కూడా స్థాపించారు.

దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది ధనం ఒక్కటే కాదు, ఆలోచన కూడా. 1910లో జోహాన్నెస్‌బర్గ్ దగ్గర నెలకొల్పిన టాల్‌స్టాయ్ ఫారంలో పిల్లలకు చదువుతో పాటు తోటపని, చెప్పులు కుట్టడం నేర్పారు. ఉపాధ్యాయుడు తాను చేయని పని పిల్లలకు చెప్పరాదన్నది అక్కడి నియమం. అంతకు ముందే, 1866లో ఫిన్లండు దేశం తన ప్రజాపాఠశాలల్లో చేతిపనిని పాఠ్యాంశంగా చేర్చింది. వారి ఉద్దేశం పిల్లలను వడ్రంగులను చేయడం కాదు, చేతికీ కంటికీ బుద్ధికీ పొందిక కుదర్చడం.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ తన ఆలోచనను దేశం ముందుంచారు. దానికి ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు డాక్టర్ జాకీర్ హుస్సేన్. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, నడుమ ఒక చేతివృత్తి: ఇదే ‘నయీ తాలీం’. నూలు వడికే పిల్లవాడు పోగుల పొడవు కొలిచి లెక్కలు నేర్చుకుంటాడు. పత్తి పండే నేలను గురించి అడిగి భూగోళం తెలుసుకుంటాడు. మన నేతపని ఎందుకు దెబ్బతిన్నదో వింటూ చరిత్రలోకి వెళతాడు. పని వేరు, పాఠం వేరు కావు.

అయితే ఇంత మంచి ఆలోచన ఎందుకు నిలవలేదు? ఒక కారణం తేలికగానే తెలుస్తుంది. పరీక్షలో మార్కులు లేని విషయానికి బడిలోనూ ఇంట్లోనూ విలువ ఉండదు. రెండవ కారణం లోతైనది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బడివేళలు తగ్గించి, మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. అప్పటికి మన జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. కుమ్మరి బిడ్డ కుండల దగ్గరే, చాకలి బిడ్డ రేవు దగ్గరే ఉండిపోవాలా అని ప్రజలు ఆగ్రహించారు. దానిని కులవిద్య అన్నారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ పథకం రద్దయింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. చేతిపని కొందరి బిడ్డలకే అయినప్పుడు అది చదువు కాదు, గోడ అవుతుంది. అదే పని అందరి బిడ్డలకూ ఒకే గదిలో నేర్పితే ఆ గోడలు కూలతాయి.

ఆ తరువాత పేర్లు మారుతూ వచ్చాయి. 1952-53 మొదలియార్ కమిషన్ బహుళార్థక పాఠశాలలను సూచించింది. 1964-66 కొఠారి కమిషన్ ‘పని అనుభవం’ అన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం ‘సమాజోపయోగ ఉత్పాదక పని’ అన్నది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు సంచి లేకుండా వచ్చి స్థానిక పనివారి వద్ద నేర్చుకోవాలని చెప్పింది. పేరు ఏదైనా, లెక్కలు, సైన్సు పాఠాలతో ముడిపడినప్పుడే ఆ పని నిలుస్తుంది.

ఆ ముడికి మన తీరంలో కొదువ లేదు. రొయ్యల గుంటలో నీటి ఉప్పదనం, ప్రాణవాయువు కొలిస్తే అది రసాయన శాస్త్రం. ఉప్పు మడిలో నీరు ఆవిరై గళ్లు కట్టడం పాఠ్యపుస్తకంలోని స్ఫటికీకరణమే. వల కన్ను కొలత క్షేత్రగణితం, బోటు ఇంజను భౌతిక శాస్త్రం. జాలరి బిడ్డ ఆ సూత్రం తెలుసుకోవాలి, ఆఫీసరు బిడ్డ ఆ పని తెలుసుకోవాలి.

మన సంఘ సభ్యులలో ఆ జ్ఞానం ఉన్నవారు తక్కువేమీ కాదు. విద్యుత్తు లైన్లు వేసినవారు, కాలువలు కొలిచినవారు, యంత్రాలు బాగుచేసినవారు, బోధించినవారు మన మధ్యనే ఉన్నారు. మనుమలు చదివే బడి ప్రధానోపాధ్యాయులను కలసి, నెలకు ఒక పూట ఇస్తామని చెబితే కాదనరు. పింఛను ప్రభుత్వం మన గత సేవకు ఇస్తున్నది. చేతిలో మిగిలిన పనితనం మాత్రం మనం పిల్లలకు ఇవ్వవలసిన బాకీ.