కోలలు ఎవరివి, పేరు ఎవరిది

2023 జూలైలో ఒక వారం పాటు అమెరికా ఈశాన్య ప్రాంతంలో, పైన్ చెట్ల మధ్య సరస్సు ఒడ్డున జరిగిన జానపద నృత్య శిబిరానికి వెళ్లాను. పగలు కోలాటం నేర్పడం, రాత్రి ఆటకు వయొలిన్ వాయించడం నా పని. వెళ్లిన మొదటి రోజు భోజనశాల గోడకు అంటించిన కార్యక్రమ పట్టిక చూశాను. 'తెలుగు కోలాటం' అని రాసి, దాని ఎదురుగా నా పేరు, పేరుకు ముందు 'డాక్టర్'. ఆ క్షణాన సంతోషించానన్న మాట దాచను. ఆ సంతోషం ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇలాంటి శిబిరాలు చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వంద మందికి పైగా వస్తారు. చెక్క గదుల్లో నిద్ర, వంతులవారీగా గిన్నెలు కడగడం, పొద్దున్నించి అర్ధరాత్రి దాకా ఆట. బడిపంతుళ్లు, నర్సులు, రిటైరైన ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు అడుగులు పిలుస్తూ ఉంటారు. రికార్డు పెట్టడం ఉండదు, పక్కన మనుషులు కూచుని వాయించాల్సిందే. పాత రోజుల్లో ఆడేవాళ్లను 'పెద్దమనుషులు', 'స్త్రీలు' అని పిలిచేవాళ్లు. ఈమధ్య చాలాచోట్ల వాటికి బదులు రెండు పిట్టల పేర్లు పెట్టుకున్నారు: లార్కులు, రాబిన్లు. ఎడమవైపు నిలబడితే లార్కు, కుడివైపు నిలబడితే రాబిన్. ఆడా మగా ఎవరు ఎటైనా నిలబడొచ్చు. చిన్న మార్పే. కానీ ఒక అరవయ్యేళ్ల ఆమె జీవితంలో మొదటిసారి లార్కు స్థానంలో నిలబడి, తన జోడీని తిప్పి నవ్విన నవ్వు చూశాక అది చిన్నదనిపించలేదు.

వాయించడం నాకు కష్టమైంది. విజయనగరంలో నేల మీద కూచుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి నేర్చుకున్నదాన్ని. అక్కడ కుర్చీలో కూచుని వాయిస్తారు. ఒక్కో వరస ముప్ఫై రెండు బార్లు: మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు. ఆడేవాళ్ల లెక్కలో అరవై నాలుగు అడుగులు. అదే వరసను పదిహేను, ఇరవై సార్లు వాయించాలి. మొదటి రాత్రి నేను గమకాలు పెట్టాను, సంగతులు వేశాను. పియానో దగ్గర కూచున్న పెద్దావిడ నా చెయ్యి తట్టి, 'వాళ్ల పాదాలు చూడు' అంది. చూశాను. నా అలంకారం ఎక్కువైన చోటల్లా అడుగు తడబడుతోంది. సంగీతం వినడానికి కాక నిలబడడానికి కావాల్సిన నేల అయినప్పుడు, వాయించేవాళ్లు తమని తాము కొంచెం తగ్గించుకోవాలి. నేను చిన్నప్పుడు చూసిన కోలాటంలో తాళాలు వాయించే ముసలమ్మ చేసేది కూడా ఇదే. అప్పుడు దాన్ని విద్య అనుకోలేదు.

మూడో రాత్రి ఒక వరస మొదలుపెట్టగానే ఉలిక్కిపడ్డాను. వాళ్లు దాన్ని 'రేక్స్ ఆఫ్ మాలో' అన్నారు. ఐర్లండు ఆట వరస. నేను ఎనిమిదేళ్ల వయసులో 'వందే మీనాక్షి' అని నేర్చుకున్నదీ అదే. ముత్తుస్వామి దీక్షితులు కుంపిణీ బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టిన నొట్టుస్వరాల్లో అదొకటి. ఇన్నేళ్లూ నాకు అది దీక్షితుల కృతి. అంతకుముందు ఆ వరసకు ఏ పల్లెలో ఎవరెవరు ఆడారో నాకు తెలీదు. తెలుసుకోవాలన్న ఆలోచనే రాలేదు. పేరున్నవాడి దగ్గర మన ఆలోచన ఆగిపోతుంది.

అమెరికాలో ఈ శిబిరాల చరిత్ర చెప్పేటప్పుడు తప్పకుండా వినిపించే పేరు సెసిల్ షార్ప్. మసాచుసెట్స్‌లో ప్లిమత్ దగ్గరున్న పైన్‌వుడ్స్ శిబిరంలో ఒక నృత్య మంటపం పేరు 'సి షార్ప్'. అది స్వరం పేరు కూడా, ఆయన పేరు కూడా. నిజానికి ఆ స్థలంలో గర్ల్ స్కౌట్ శిబిరం పెట్టింది హెలెన్ స్టారో అనే స్త్రీ. 1915లో షార్ప్‌ని అమెరికాలో వేసవి పాఠశాలకు రప్పించిందీ ఆమే. ఆమెను కనీసం దాతగానైనా తలుచుకుంటారు. ఈ కథలో ఇంకా వెనక్కి వెళితే మరొక స్త్రీ ఉంది. ఆమె పేరు మేరీ నీల్.

1860లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన మేరీ నీల్ లండన్‌లో పేదల మధ్య పనిచేయడానికి వచ్చింది. 1895లో ఎమెలిన్ పెథిక్‌తో కలిసి కుట్టుపని చేసే అమ్మాయిల కోసం 'ఎస్పెరాన్స్' అనే క్లబ్బు పెట్టింది. ఎస్పెరాన్స్ అంటే ఫ్రెంచిలో ఆశ. రోజంతా సూదిమీద వంగిన పిల్లలకు సాయంత్రం పాట, ఆట. దానికి తోడుగా ఒక కుట్టు సంస్థ కూడా నడిపారు. అందులో ఎనిమిది గంటల పని, కనీస వేతనం. 1905లో ఆ అమ్మాయిలకు కొత్త పాటల కోసం వెతుకుతూ ఆమె షార్ప్ దగ్గరకు వెళ్లింది. ఆయన అప్పటికి జానపద గీతాలు సేకరిస్తున్నాడు. పాటలు పిల్లలకు ఎంతగానో నచ్చాయి. ఈ పాటలకు తగిన ఆటలున్నాయా అని ఆమె అడిగింది.

అప్పుడు ఆయనకొక సంగతి గుర్తొచ్చింది. 1899లో క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్‌టన్‌లో మోరిస్ ఆటగాళ్లు ఇంటిముందుకొచ్చి ఆడారు. వాళ్లలో విలియం కింబర్ అనే తాపీమేస్త్రీ కాన్సర్టీనా వాయించాడు. చలికి కట్టుబడి పని ఆగిపోవడంతో నాలుగు డబ్బుల కోసం ఆడిన ఆట అది. షార్ప్ ఆ వరసలు రాసుకున్నాడు. ఆరేళ్ల పాటు అవి కాగితాల మీదే ఉన్నాయి. మేరీ నీల్ రైలెక్కి వెళ్లి కింబర్‌నీ, అతని బంధువునీ లండన్ తీసుకొచ్చి అమ్మాయిలకు నేర్పించింది. రాతలో ఉన్న వరసలు మళ్లీ కాళ్లలోకొచ్చింది అక్కడే. 1906 ఏప్రిల్‌లో క్వీన్స్ హాల్లో ఎస్పెరాన్స్ అమ్మాయిలు ఆడారు. ఆ తరవాత ఊళ్లనుంచి పిలుపులే పిలుపులు. ఫ్లోరీ వారెన్ వంటి కుట్టుపని అమ్మాయిలు జిల్లాలు తిరిగి బళ్లలో, గ్రామాల్లో ఆట నేర్పారు. గురువులుగా వెళ్లారు! ఆ రోజుల్లో పెద్దింటి గుమ్మం ముందుకు కొలతలు తీసుకోడానికి తప్ప వెళ్లని పిల్లలు.

తగాదా ఇక్కడే మొదలైంది. ఆట తెలిసిన మనిషి నుంచి నేరుగా పిల్లలకు రావాలి, అందులో ఉల్లాసం ప్రధానం అని మేరీ నీల్ పట్టు. అడుగు కచ్చితంగా ఉండాలి, శిక్షణ పొందిన ఉపాధ్యాయులే నేర్పాలి అని షార్ప్ పట్టు. 1909లో ఆయన చెల్సీలోని వ్యాయామ కళాశాలలో మోరిస్ పాఠశాల తెరిచాడు. స్ట్రాట్‌ఫర్డ్ వేసవి పాఠశాల 1910లో ఆమె చేతిలో ఉంటే, 1911కి ఆయన చేతిలోకి వెళ్లింది. ఆ డిసెంబరులో ఇంగ్లీష్ ఫోక్ డాన్స్ సొసైటీ పుట్టింది, ఆయన నాయకత్వంలో. మేరీ నీల్ మహిళల ఓటు హక్కు ఉద్యమంలో ఉంది. ఎమెలిన్ పెథిక్ లారెన్స్ ఆ ఉద్యమానికి కోశాధికారి. ఇంకో విచిత్రం, షార్ప్ చెల్లెలు ఎవెలిన్ షార్ప్ అదే ఉద్యమంలో జైలుకెళ్లిన రచయిత్రి. 1914లో యుద్ధం రాగానే ఎస్పెరాన్స్ మూతపడింది. లండన్‌లో 1930లో కట్టిన భవనానికి షార్ప్ పేరు పెట్టారు. 1934లో ఏర్పడిన మోరిస్ రింగ్ మగవాళ్ల జట్లనే చేర్చుకుంది. కుట్టుపని ఆడపిల్లలు లేపి నిలబెట్టిన ఆట 'అనాదిగా మగవాళ్లది' అయిపోవడానికి ముప్ఫై ఏళ్లు కూడా పట్టలేదు. స్త్రీలు 1975లో సొంతంగా సమాఖ్య పెట్టుకోవాల్సి వచ్చింది. రింగ్ తన నిబంధన తీసేసింది 2018లో.

షార్ప్‌ని దొంగ అనడం నా ఉద్దేశం కాదు. ఆయన కష్టపడి సేకరించాడు, కింబర్‌ని గౌరవించాడు. ఆయన రాయకపోతే చాలా వరసలు పోయేవి. అంతేకాదు, మేరీ నీల్ మధ్యతరగతి స్త్రీ. ఆమె పేరైనా మళ్లీ బయటకొచ్చింది. ఆమె వెనక ఆడిన అమ్మాయిల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? నేను ఫ్లోరీ వారెన్ అని ఒక్క పేరు రాయగలిగాను. పితృస్వామ్యం స్త్రీ పేరు తుడిచేసిందని చెప్పడం మనకు సులువు. ఆ తుడిచే గుడ్డ కొన్నిసార్లు మన చేతుల్లోనే ఉంటుందని చెప్పడం కష్టం.

నా సంగతి చెప్తాను. నా పిహెచ్‌డి స్త్రీల పని పాటల మీద. విజయనగరం జిల్లాలో నాట్లప్పుడు, కలుపులప్పుడు వెళ్లి పాటలు రికార్డు చేశాను. కోలాటం నేను నేర్చుకున్నది ఆ ఊళ్లలో ఒక అప్ప దగ్గర. ఒక్కో కోపు పదేసిసార్లు తొక్కించి, కోల ఎక్కడ తగలాలో నా మణికట్టు పట్టుకుని నేర్పింది. నా సిద్ధాంత గ్రంథం అనుబంధంలో ఆమె ఎలా ఉందో తెలుసా? 'గాయని: స్త్రీ, సుమారు 50 సం., వ్యవసాయ కూలీ.' ఊరి పేరుంది, తేదీ ఉంది, టేపు నంబరు ఉంది. పేరు లేదు. సమాచారదాతల గోప్యత అని అప్పుడు సమాధానం చెప్పుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నేను ఆమెను అడగలేదు. ముందుమాటలో మాత్రం పర్యవేక్షకుడి పేరు, గ్రంథాలయాధికారి పేరు, టైపు చేసినాయన పేరు అన్నీ రాశాను.

శిబిరంలో కోలాటం మొదటి క్లాసుకి ముప్ఫై మంది వచ్చారు. మోరిస్ కర్రలకు అలవాటైన చేతులు కనక తొందరగానే పట్టుకున్నారు. లోపలి వలయం, బయటి వలయం, ఎవరి ఉద్దితో వాళ్లు, అంటే జోడీతో, కోలలు కలపడం నేర్పాను. ఒక కుర్రాడు లేచి, 'ఇది మీకెవరు నేర్పారు?' అని అడిగాడు. ఆ శిబిరాల్లో అదొక మర్యాద. ప్రతి వరసకీ, ప్రతి అడుగుకీ ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్తారు. నాకు గొంతు పట్టేసింది. అప్ప పేరు చెప్పాను. వాళ్లు నోరు తిరగక రెండు మూడుసార్లు పలికారు. నేను ఐదేళ్ల కిందట సమర్పించిన గ్రంథంలో లేని పేరును, ఆమె ఎప్పటికీ చూడని చెట్ల కింద ముప్ఫై మంది గట్టిగా అన్నారు. మర్నాటికి గోడమీది పట్టికలో నా పేరు కింద ఆమె పేరు నేనే పెన్నుతో రాశాను.

తిరిగొచ్చాక ఫోన్ చేశాను. గ్రంథం పుస్తకంగా వస్తోందని, అందులో పేరు వేస్తానని చెప్పాను. ఆమె సంబరపడుతుందనుకున్నాను.

'నా పేరొక్కటే ఏస్తే మా ఉద్ది ఊరుకుంటాదేటమ్మా?' అంది. 'పదారుగురం ఆడినాం. తాళాలు కొట్టిన ముసిల్దుంది. నాకు మాయమ్మ నేర్పినాది. అందరివీ ఎయ్యి. నేకపోతే ఊరి పేరుంది గదా, అదుంచు.'

ఆమె మాట వినగానే నా సిగ్గు నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో అర్థమైంది. షార్ప్ స్థానంలో ఆమెను కూచోబెట్టాలనుకున్నాను. ఒక పేరు తీసి ఇంకొక పేరు పెడితే సరిపోతుందనుకున్నాను. ఆమె లెక్క వేరు. అది పదహారు మంది లెక్క, అందులో ఒకరు తగ్గినా వలయం మూసుకోదు.

ఈ సంక్రాంతికి ఆ ఊరు వెళ్లి కూచున్నాను. పదహారు మందిలో ముగ్గురు పోయారు. ఇద్దరు బెంగళూరులో కట్టుబడి పనుల్లో ఉన్నారు. తాళాలు కొట్టిన ఆవిడ ఇంటిపేరు గురించి వాళ్లలో వాళ్లకే వాదన జరిగింది. పుట్టింటిదా, మెట్టినింటిదా? చివరకు 'దాని పేరు దానికుంది, ఇంటిపేరెందుకు?' అని తేల్చారు. నా నోటుబుక్కులో ఇప్పటికి పద్నాలుగు పేర్లున్నాయి. తక్కిన రెండూ దొరికేదాకా పుస్తకం అచ్చుకు ఇవ్వనని ప్రచురణకర్తకు చెప్పాను. వాటిని ఇక్కడ రాయడం లేదు. ఏ పేరు ఎలా రాయాలో ఒక్కొక్కరూ చెప్పాక, వాళ్లు చెప్పినట్టే పుస్తకంలో వస్తాయి.