ఎన్నికల పెద్దను ఎన్నేదెవరు?

మా అమ్మాయి అమెరికాలో జార్జియా రాష్ట్రంలో స్థిరపడింది. అక్కడి పౌరసత్వం వచ్చాక, 2022 నవంబరులో ఓటు వేయబోతూ సికిందరాబాదుకు ఫోను చేసింది. "నాన్నగారూ, ఇక్కడ సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవికి పోటీ జరుగుతోంది. ఇద్దరి సంగతీ చదివి వినిపిస్తాను, మీ అభిప్రాయం చెప్పండి" అంది. నేను విదేశాంగ మంత్రి పదవి కాబోలనుకున్నాను. కాదట. అక్కడ రాష్ట్రాలలో ఆ పేరుగల అధికారి చాలాచోట్ల ఎన్నికల నిర్వహణకు పెద్ద. ఆ పెద్దను కూడా జనమే ఓటు వేసి ఎన్నుకుంటారట!

అభ్యర్థులలో ఒకరు అప్పటికే ఆ పదవిలో ఉన్న రిపబ్లికన్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్. 2021 జనవరి 2న సాక్షాత్తూ దేశాధ్యక్షుడు, తన పార్టీవాడే, ఫోను చేసి 11,780 ఓట్లు వెతికిపెట్టమంటే లొంగని మనిషి. రెండవవారు డెమొక్రాట్ బీ న్గుయెన్, వియత్నాం శరణార్థుల కుమార్తె, రాష్ట్ర శాసనసభ్యురాలు. ఆ ఫోను తరువాత జార్జియాలో వచ్చిన కొత్త ఓటింగు చట్టాన్ని రాఫెన్స్‌పెర్గర్ సమర్థించారు, న్గుయెన్ వ్యతిరేకించారు. అమ్మాయి అరగంటసేపు చదివింది. చివరికి రాఫెన్స్‌పెర్గరే గెలిచారు. తాను ఎవరికి వేసిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఫోను పెట్టేశాక ఒక ఆలోచన పట్టుకుంది. ఉపాధ్యాయుడిగా ఎన్నో ఎన్నికలలో పోలింగు విధులు చేశాను. పైనుండి వచ్చిన ప్రతి ఆదేశాన్నీ తలదాల్చాను. ఆ ఆదేశమిచ్చే పెద్ద ఎవరు, ఆయననే ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్న ఏనాడూ నా మనస్సుకు తట్టలేదు.

భాషోపాధ్యాయుణ్ణి కనుక చిన్న పక్కదారి, చదువరులు మన్నించాలి. "ఎన్ను" అన్న మన క్రియకు లెక్కించడం, తలచడం, ఎంచుకోవడం అన్నీ అర్థాలే. "తప్పులెన్నడం" అన్నప్పుడు పరీక్షించి దోషం పట్టడం కూడా. అంటే ఎన్నికలో ఎంపికకు ముందు గుణదోష విచారణ ఇమిడి ఉంది. నియామకమన్న సంస్కృత పదానికి ఆ బాధ్యత లేదు. నియమించారు, అంతే.

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ తేడా తెలియక కాదు. 1949 జూన్ 15న డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఎన్నికల సంఘపు అధికరణాన్ని ప్రవేశపెట్టారు. తొలి ముసాయిదాలో ప్రతి రాష్ట్రానికీ వేరే ఎన్నికల సంఘం ఉండేది, గవర్నరు నియమించేవాడు. దానిని అంబేద్కరే మార్చి కేంద్రంలో ఒకే సంఘం చాలన్నారు. కారణం స్పష్టంగానే చెప్పారు: కొన్ని రాష్ట్రాలలో తమ భాషవారు కానివారిని, తమ జాతివారు కానివారిని ఓటర్ల జాబితాలోకి రానివ్వకుండా స్థానిక ప్రభుత్వాలు అధికారులకు ఆదేశాలిస్తున్నాయని ఆయనకు సమాచారం వచ్చింది. శిబ్బన్‌లాల్ సక్సేనా లేచి, ప్రధాన కమిషనరు నియామకానికి పార్లమెంటులో మూడింట రెండువంతుల మద్దతు ఉండాలని సవరణ కోరారు. మరునాడు అంబేద్కర్ సమాధానం నిజాయితీగా ఉంది. పదవికి ఎంత భద్రత కల్పించినా, మూర్ఖుడో, వంచకుడో, ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండేవాడో ఆ పీఠమెక్కకుండా ఆపే ఏర్పాటు లేకపోతే ప్రయోజనం లేదని తానే ఒప్పుకున్నారు. చివరికి పార్లమెంటు చేసే చట్టానికి లోబడి రాష్ట్రపతి నియమిస్తారని రాసి వదిలారు. ఆ చట్టం రావడానికి 2023 దాకా పట్టింది!

నేను 1989 నవంబరులో రెండవ పోలింగు అధికారిని. లోక్‌సభకూ శాసనసభకూ ఒకేసారి ఎన్నికలు, పద్దెనిమిదేళ్లకు ఓటు వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికలు. సిరా సీసా పట్టుకుని వేలి తరువాత వేలు, సాయంత్రానికి నా వేళ్లే నల్లబడ్డాయి. అప్పుడు ప్రధాన కమిషనరు మన తెలుగువారు, ఆర్.వి.ఎస్. పేరిశాస్త్రి. ఆ ఎన్నికల ముందు అక్టోబరులో ప్రభుత్వం ఉన్నట్టుండి ఆయన పక్కన మరి ఇద్దరు కమిషనర్లను కూర్చోబెట్టింది, కొత్త ప్రభుత్వం వచ్చి 1990 జనవరి 1న ఆ ఇద్దరినీ తీసివేసింది. వారి ఎంపిక ఎలా జరిగిందో, తొలగింపూ అలాగే జరిగింది. 1990 నవంబరులో పేరిశాస్త్రి పదవిలో ఉండగానే కాలం చేస్తే, పక్షం రోజులు ఆ పీఠంలో కూర్చున్నది వి.ఎస్. రమాదేవి. పశ్చిమ గోదావరి ఆడపడుచు, తెలుగులో కథలూ నవలలూ రాసిన ఇల్లాలు, ఆ పదవి చేపట్టిన తొలి మహిళ. తరువాత శేషన్ వచ్చారు, ఆ కథ అందరికీ తెలిసినదే. రమాదేవిగారికి పక్షమే ఎందుకు, శేషన్‌కు ఆరేళ్లు ఎందుకు అని ఎవరైనా ఇద్దరినీ పోల్చి చూశారా? ఆ అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

1949లో అంబేద్కర్ వద్దన్న రాష్ట్ర ఎన్నికల సంఘం 1992లో 73వ, 74వ సవరణలతో పంచాయతీలకూ పురపాలికలకూ తిరిగి వచ్చింది. 243-కె అధికరణం. రాష్ట్ర కమిషనరును గవర్నరు నియమిస్తారు. తీసివేయాలంటే మాత్రం హైకోర్టు న్యాయమూర్తిని తీసివేసే పద్ధతే. బయటికి పంపే ద్వారానికి ఇనుప గడియ, లోపలికి వచ్చే ద్వారానికి తలుపే లేదు. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆంధ్రప్రదేశ్ 2020లో చూపించింది.

నిమ్మగడ్డ రమేశ్ కుమార్ విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి. 2016లో చంద్రబాబు ప్రభుత్వ కాలంలో నియమితులయ్యారు, అయిదేళ్ల పదవి. 2020 మార్చి 15న కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. తమతో సంప్రదించలేదని ప్రభుత్వానికి ఆగ్రహం. ముఖ్యమంత్రి జగన్ పత్రికల ముందే కమిషనరు కులాన్ని ప్రస్తావించారు. సుప్రీంకోర్టు వాయిదాలో జోక్యానికి నిరాకరించింది. ఏప్రిల్ 10న ఆర్డినెన్సు వచ్చింది: కమిషనరు పదవీకాలం మూడేళ్లు, అర్హత హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి ఉండడం. రమేశ్ కుమార్‌ను తొలగించలేదట, పదవీకాలం దానంతటదే ముగిసిందట! మాటల వాడుక తెలిసినవాడిగా ఈ "ముగియడం" నాకు భలే నచ్చింది. మరునాడే, లాక్‌డౌను నడుమ, మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్ బాధ్యతలు స్వీకరించారు.

న్యాయమూర్తి అయితే మేలు కదా అని నాకూ ఒక క్షణం అనిపించిన మాట దాచను. కాగితం మీద అర్హత పెరిగింది. కానీ ఆ అర్హతను ముందు రాసి మనిషిని తరువాత వెతికారా? ఉన్నవాడిని పంపడానికే రాశారని జరిగిన తీరే చెబుతోంది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసింది. జూలై నెలాఖరుకు రమేశ్ కుమార్ తిరిగి వచ్చారు.

ఇక్కడొక చమత్కారం ఉంది. కమిషనరు నియామకంలో మంత్రిమండలి సిఫారసు పనికిరాదని, అది గవర్నరు విచక్షణకు చెందినదని ఆ తీర్పు అన్నది. అడ్వకేటు జనరలు వెంటనే పట్టుకున్నారు: అలాగైతే 2016లో మంత్రిమండలి సిఫారసుతో వచ్చిన రమేశ్ కుమార్ నియామకం మాత్రం ఎలా నిలుస్తుంది? ప్రభుత్వపు తొందరపాటును నేను సమర్థించను గాని, ఈ ప్రశ్నను తోసిపుచ్చలేను. ఎవరి ప్రభుత్వం తెచ్చిన మనిషి వారి మనిషే అన్న అనుమానం ఆ తలుపు లేని ద్వారంలోంచే వస్తుంది. తరువాత 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల పంచాయతీ ఎన్నికలు జరపడానికి కూడా ఆయన సుప్రీంకోర్టు గడప దాకా పోరాడవలసి వచ్చింది.

ఆయన పదవీకాలం 2021 మార్చి 31తో ముగిసింది, ఈసారి నిజంగానే. వారసుల కోసం ప్రభుత్వం గవర్నరుకు మూడు పేర్లు పంపింది: నీలం సాహ్నీ, శామ్యూల్, ప్రేమచంద్రారెడ్డి. గవర్నరు హరిచందన్ సాహ్నీగారిని ఎంపిక చేశారు. ఆమె 2020 డిసెంబరు చివరి దాకా అదే ప్రభుత్వానికి ప్రధాన కార్యదర్శి, ఆ తరువాత ముఖ్యమంత్రికి ముఖ్య సలహాదారు. సరిగ్గా అదే మార్చిలో, 12వ తేదీన, గోవా కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర ఎన్నికల కమిషనర్లు ప్రభుత్వంలో ఏ పదవిలోనూ ఉండరాదని, స్వతంత్రులై ఉండాలని చెప్పింది. ఆమె సలహాదారు పదవి వదిలే వచ్చారు కనుక అక్షరానికి భంగం లేదు. ఆమె సామర్థ్యాన్ని నేను శంకించడం లేదు. ఏప్రిల్ 1న బాధ్యతలు చేపట్టి, ఆనాడే పరిషత్ ఎన్నికలకు 8వ తేదీ ప్రకటించారు. ఓట్ల లెక్కింపు మాత్రం కోర్టుల గుండా నడిచి సెప్టెంబరు 19న జరిగింది.

ఈ పెద్ద మాట ఒక్కటి ఓటరు దాకా ఎలా దిగివస్తుందో మా సికిందరాబాదువాళ్లం దగ్గరనుండి చూశాం. 2020 డిసెంబరు 1న హైదరాబాదు నగరపాలక ఎన్నికలు కాగితపు బ్యాలెట్లతో జరిగాయి. కొన్ని చోట్ల సిబ్బంది ఓటరుకు స్వస్తిక్ ముద్రకు బదులు పోలింగు కేంద్రపు గుర్తు ముద్ర ఇచ్చారు. (రెండు రబ్బరు ముద్రలూ ఒకే సంచిలో వస్తాయి. నిద్రలేని తెల్లవారుజామున ఏది ఏదో తడబడడం నాకు తెలుసు.) లెక్కింపుకు ముందటి రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం అలాంటి ఓట్లూ చెల్లుతాయని ఆదేశమిచ్చింది. తెల్లవారేసరికి హైకోర్టు దానిని నిలిపివేసింది. నేరేడ్‌మెట్ డివిజనులో అలాంటి ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువై ఫలితం కొద్ది రోజులు ఆగిపోయింది. ఏది ఓటు, ఏది కాదు అన్నది ఒక మనిషి ఒక రాత్రి సంతకం చేసే కాగితం మీద ఆధారపడింది.

కేంద్రంలోనైనా మారిందా? 2023 మార్చి 2న సుప్రీంకోర్టు ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేయాలన్నది. డిసెంబరు చట్టంలో ప్రధాన న్యాయమూర్తి స్థానంలో కేంద్రమంత్రి వచ్చారు. 2024 మార్చి 14న సమావేశానికి వెళ్లిన కాంగ్రెసు నాయకుడు అధీర్ రంజన్ చౌధురి, ముందు రాత్రి తనకు 212 పేర్ల జాబితా ఇచ్చారని, వడపోసిన ఆరు పేర్లు సమావేశానికి పది నిమిషాల ముందు అందాయని బయటికి వచ్చి చెప్పారు. పది నిమిషాలలో ఆరుగురు. మా పాఠశాలలో తరగతి నాయకుణ్ణి ఎన్నుకోవడానికి పిల్లలకు అంతకంటే ఎక్కువ వ్యవధి ఇచ్చేవాణ్ణి.

అలాగని అమెరికా పద్ధతి మనకు తగినదని నేననను. పార్టీ టికెట్టు మీద గెలిచినవాడు పోటీల మధ్యవర్తి కావడం నాకు మింగుడుపడదు. తన పార్టీ అధ్యక్షుడి ఫోనుకు లొంగినవాడుంటే ఏమయ్యేదో! అయినా అక్కడ ఆ మనిషి ఎవరో, ఏం చేశాడో, ఓటరు ముందుగా చదువుకోగలిగింది.

ఈ మధ్య అమ్మాయితో మాట్లాడుతూ ఆంధ్రలో మూడు పేర్లు పంపిన సంగతి చెప్పాను. "ఆ ముగ్గురిలో మీరైతే ఎవరిని ఎంచుకునేవారు నాన్నగారూ?" అని అడిగింది. ముగ్గురూ ఐ.ఏ.ఎస్. వారని చెప్పి ఊరుకున్నాను. ఆ రోజు పత్రికలో వారి పేర్లు ఒకే వాక్యంలో వచ్చాయి. జార్జియా రాఫెన్స్‌పెర్గర్ గురించి అడిగి ఉంటే అరగంట మాట్లాడేవాణ్ణి.