అశ్వశాలలో పరిమళము

బేతంచెర్ల పేరు చెప్పగానే శ్రోతలకు నాపరాయి జ్ఞప్తికి వచ్చును. ఈ రాతిసీమ విజయనగర రాయల ఏలుబడిలో నున్న కాలమున రాజ్యబలములో గుర్రమునకు పెద్దపీట. మేలుజాతి గుర్రమా ఈ నేలలో పుట్టినది కాదు. హొర్ముజు నుండియు, ఏడెను నుండియు ఓడలలో రావలసినదే. సాళువ నరసింహరాయలు వేయి వరహాలకు మూడేసి గుర్రములను, బ్రదికినవైనను చచ్చినవైనను, కొనెడివాడట. సముద్రముపై చచ్చినదాని తోక తెచ్చి చూపినను వెల ముట్టెడిదట. కృష్ణరాయలు ఏటేట 13,000 హొర్ముజు గుర్రములను కొనెనని 1535 ప్రాంతమున పోర్చుగీసు వాడగు నూనిజ్ వ్రాసెను.

ఇంత వెల పోసిన ప్రాణిని కాపాడుట ఎట్లు? 13వ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో, తమిళ తీరమున వైద్యము తెలిసినవారు లేక గుర్రములు చచ్చుచున్నవని చెప్పెను. అయినను శాస్త్రము లేకపోలేదు. శాలిహోత్రుని పేరిటను, నకులుని పేరిటను సంస్కృత గ్రంథములు కలవు. తెలుగున మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసము’ రచించెను. శాలిహోత్రుని పేరే హిందూస్థానీలో గుర్రపు వైద్యునికి ‘సలోత్రీ’ అను మాటయైనది.

ప్రాచీనమైన కౌటిల్యుని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షుని ప్రకరణము చూడదగినది. గుర్రమునకు దినమునకు రెండుమార్లు స్నానము, గంధము, పూలమాల విధింపబడినవి. వస్తికర్మకు ఒక ప్రస్థము, ముక్కున వేయు నస్యమునకు అందులో నాల్గవ వంతగు ఒక కుడుబము స్నేహద్రవ్యము కేటాయింపబడినది. గుర్రము నోటితో ఊపిరి పీల్చజాలదు. దానికి ముక్కే ప్రాణద్వారము. నస్యమునకు లెక్కకట్టి కొలత యిచ్చిన పెద్దలు ఆ ముక్కును ఉపేక్షింపలేదని తెలియుచున్నది.

అయితే నాటి గంధము మర్యాదకు, నూనె చికిత్సకు. నేడు ‘అరోమాథెరపీ’ యనబడునది వేరు. 1937లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు గాటెఫోసే గ్రంథమునకు పెట్టిన పేరది. పూవులను, ఆకులను బట్టీపట్టి దింపిన గాఢమైన తైలములు దానికి సాధనములు. బెదరిన గుర్రములకు లావెండరు తైలపు వాసన చూపగా గుండెవేగము ఎక్కువగా నెమ్మదించెనని 2013లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చెప్పుచున్నది. కాని బెదురు తీరుట వేరు, రోగము కుదురుట వేరు. అట్టి తైలమును పలుచన చేయక పూసినచో చర్మము పొక్కవచ్చును.

ఈ వివేకము కౌటిల్యునికి కలదు. వైద్యుని అజాగ్రత్తవలన రోగము ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండుగ. గుర్రమునకు హాని కలిగినచో గుర్రపు వెలయే దండుగ. తోకకు వెల కట్టిన రాజు ధనవంతుడు కావచ్చును. వైద్యునిచేత లెక్క చెప్పించిన శాస్త్రకారుడు మాత్రము నోరులేని ప్రాణికి నిజమైన ఆప్తుడు.