అరీథా ఫ్రాంక్లిన్: గాయని కర్తృత్వం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పాటకు కర్త ఎవరన్న ప్రశ్నకు సాహిత్యచరిత్ర సాధారణంగా రచయిత పేరునే సమాధానంగా చెబుతుంది. గానం రచనకు వాహిక మాత్రమేనన్న భావన దీనికి మూలం. అమెరికా నల్లజాతి ప్రజల ప్రార్థనా సంగీతం పునాదిగా ఎదిగిన ‘సోల్’ సంగీతం ఈ భావనను నిలదీసింది. ఆ సంగీతానికి మహారాణిగా ప్రసిద్ధి పొందిన అరీథా ఫ్రాంక్లిన్ (1942–2018) జీవితాన్ని, విశేషించి ఆమె పాడిన ‘రెస్పెక్ట్’ పాటను ఆధారం చేసుకొని, గాయని ఏ మేరకు పాటకు కర్త కాగలదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ప్రార్థనా మందిర నేపథ్యం

అరీథా 1942 మార్చి 25న మెంఫిస్‌లో జన్మించింది. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లోని న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చికి బోధకుడు. ఆయన ప్రసంగాలు గ్రామఫోను రికార్డులుగా దేశమంతటా వ్యాపించాయి. తల్లి బార్బరా 1952లో, అరీథాకు పదేళ్లు నిండక ముందే, మరణించింది. క్లారా వార్డ్, మహాలియా జాక్సన్ వంటి భక్తిగీత గాయనుల సాన్నిహిత్యం ఆ ఇంట లభించింది. స్వరలిపితో నిమిత్తం లేకుండా, వినికిడితోనే ఆమె పియానో నేర్చుకున్నది. 1956లో, పద్నాలుగేళ్ల వయసులో, ఆమె భక్తిగీతాలు అదే చర్చిలో రికార్డయ్యాయి.

ఆ చర్చిలో ఆమె నేర్చినది గానవిద్య మాత్రమే కాదు, పాఠాన్ని సమీపించే పద్ధతి కూడా. అక్కడ బోధకుని పలుకుకు సమాజం బదులు పలుకుతుంది. గాయని సందర్భాన్ని బట్టి పాదాన్ని సాగదీస్తుంది, విరుస్తుంది, మళ్లీ మళ్లీ పలుకుతుంది. రాసిన పాఠం ఆధారం మాత్రమే; దానికి పూర్ణత్వం గానంలోనే సిద్ధిస్తుంది.

కొలంబియా నుంచి అట్లాంటిక్‌కు

1960లో జాన్ హామండ్ ఆమెను కొలంబియా సంస్థకు పరిచయం చేశాడు. అక్కడ ఆమె జాజ్ గీతాలు, జనాదరణ పొందిన పాత పాటలు విరివిగా పాడింది. ప్రతిభకు గుర్తింపు వచ్చినా ఘనవిజయం దక్కలేదు. అట్లాంటిక్ సంస్థలో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను పియానో ముందు కూర్చోబెట్టి, పాటను ఆమె చేతుల నుంచే మొదలు పెట్టించాడు. 1967 జనవరిలో అలబామాలోని మజిల్ షోల్స్‌లో జరిగిన రికార్డింగులో చర్చి పియానో ధోరణి లౌకిక గీతానికి పునాది అయింది.

‘రెస్పెక్ట్’: పాఠం – పునఃసృష్టి

‘రెస్పెక్ట్’ను రాసి, 1965లో మొదట పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. సంపాదించి ఇంటికి చేరే పురుషుడు ఇల్లాలి నుంచి మన్నన కోరడం అందులోని సన్నివేశం. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్కులో అరీథా దానిని పాడినప్పుడు మూడు ప్రధానమైన మార్పులు చోటు చేసుకున్నాయి. మొదటిది, వక్త స్త్రీ అయింది. రెండవది, శీర్షికలోని పదాన్ని అక్షరమక్షరంగా విడదీసి పలికే భాగం కొత్తగా చేరింది. మూలంలో అది లేదు. మూడవది, ఆమె సోదరీమణులు కారొలిన్, ఎర్మా వెనుక నుంచి బదులు పలుకుతూ వంతపాడారు. చర్చిలో సమాజం నిర్వహించే పాత్రను ఇక్కడ స్త్రీల బృందం నిర్వహించింది. ఒక్క గొంతు అడిగితే అది విన్నపం. పలు గొంతులు బలపరిస్తే అది హక్కు. పాట అర్థం మారింది ఇక్కడే.

1967 జూన్‌లో ఆ పాట బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమస్థానం పొందింది. పౌరహక్కుల ఉద్యమం, స్త్రీల ఉద్యమం రెండూ దానిని తమ గీతంగా స్వీకరించాయి. అరీథా ఉద్యమానికి వెలుపలి వ్యక్తి కాదు. మార్టిన్ లూథర్ కింగ్ ఆమె తండ్రికి మిత్రుడు. 1968లో ఆయన అంత్యక్రియల సందర్భంలో ఆమె పాడింది. 1970లో నిర్బంధంలో ఉన్న ఏంజెలా డేవిస్‌కు జామీను సొమ్ము కట్టడానికి ముందుకు వచ్చింది.

హక్కుల ప్రశ్న

ఇంతటి పునఃసృష్టి జరిగినా చట్టం దృష్టిలో ఆ పాటకు కర్త రెడ్డింగ్ ఒక్కడే. అమెరికాలో సాధారణ రేడియో కేంద్రాలు పాటను ప్రసారం చేసినప్పుడు రచయితకూ ప్రచురణకర్తకూ రాయల్టీ చెల్లుతుంది, గాయకులకు చెల్లదు. అందువల్ల ‘రెస్పెక్ట్’ ఆమె గొంతులో రేడియోలో ఎన్నిసార్లు మోగినా, ఆ ప్రసారాల రాయల్టీలో ఆమెకు భాగం లేదు. రికార్డుల అమ్మకం వేరు, ప్రసార హక్కు వేరు. చట్టం లిఖిత పాఠాన్ని గుర్తించింది. దాని అర్థాన్ని మార్చిన గొంతును గుర్తించలేదు. గౌరవాన్ని డిమాండు చేసిన పాటలోనే గాయని కర్తృత్వానికి గౌరవం దక్కకపోవడం గమనార్హం.

ముగింపు

1972లో ఆమె లాస్ ఏంజెలెస్‌లోని చర్చిలో ‘అమేజింగ్ గ్రేస్’ భక్తిగీతాల సంపుటిని రికార్డు చేసి తన మూలాలకు మళ్లీ చేరుకున్నది. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందిన తొలి మహిళ అయింది. 2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో మరణించింది. మరుసటి ఏడాది పులిట్జర్ మండలి ఆమెకు ప్రత్యేక ప్రశంస ప్రకటించింది. వ్యక్తిగతంగా దానిని అందుకున్న తొలి మహిళ ఆమె. చట్టం ఇవ్వని కర్తృత్వాన్ని సంస్కృతి ఈ విధంగా ఆలస్యంగా అంగీకరించింది. పాటల అధ్యయనంలో అచ్చుపాఠం ఒక్కటే ప్రమాణం కాజాలదనీ, ఎవరు, ఎవరితో కలిసి, ఎక్కడ నిలబడి పాడారన్నది కూడా పాఠంలో భాగమేననీ అరీథా గానం నిరూపిస్తున్నది.