పురీషనాళ క్యాన్సర్ శస్త్రచికిత్స: మైల్స్ నుంచి రోబో దాకా

పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళం ఇరుకైన కటి ఎముకల నడుమ, మూత్రాశయానికీ జననాంగాలకూ వాటి నరాలకూ ఆనుకొని ఉంటుంది కనుక, అక్కడి క్యాన్సర్‌కు చేసే శస్త్రచికిత్స చరిత్ర చాలావరకు ఆ ఇరుకుతో సర్జన్లు పడిన పెనుగులాటే.

19వ శతాబ్దిలో కణితిని ఎక్కువగా మలద్వారం వైపు నుంచే కోసి తీసేవారు. ఆ పద్ధతిలో లండన్ సర్జన్ విలియం ఎర్నెస్ట్ మైల్స్ చికిత్స చేసిన 57 మందిలో 54 మందికి వ్యాధి తిరగబెట్టింది. క్యాన్సర్ కణాలు శోషరస నాళాల వెంట పైకి కూడా పాకుతున్నాయని మరణానంతర పరీక్షల్లో గ్రహించిన ఆయన, పొట్టవైపు నుంచీ మలద్వారం వైపు నుంచీ కోసి పురీషనాళాన్ని పూర్తిగా తొలగించే పద్ధతిని 1908లో ప్రకటించారు. దానివల్ల బతికినవారికి కొలోస్టమీ, అంటే పొట్టమీద ఏర్పరచిన మలవిసర్జన ద్వారం, జీవితాంతం తప్పేది కాదు.

అసలు మలుపు 1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో వచ్చింది. పురీషనాళాన్ని చుట్టి ఉండే కొవ్వుపొరను, అందులోని శోషరస గ్రంథులతో సహా, చిరగనీయకుండా సహజమైన పొరల సందు వెంట విడదీయాలని సర్జన్ బిల్ హీల్డ్ అక్కడ ప్రతిపాదించారు. ఐదేళ్లలో అదే చోట వ్యాధి తిరగబెట్టడం ఆయన రోగుల్లో 3.7 శాతమేనని 1986లో వెల్లడైంది.

1990లలో చిన్న రంధ్రాల గుండా చేసే లాపరోస్కోపీ వచ్చినా, దాని తిన్నని పరికరాలు కటి లోతుల్లో వంగేవి కావు. అమెరికాలో 2000లో అనుమతి పొందిన డా విన్చీ యంత్రం ఈ లోటును తీర్చింది: సర్జన్ కాస్త దూరంలో కూర్చొని త్రిమితీయ దృశ్యాన్ని చూస్తూ చేతులు కదిలిస్తే, మణికట్టులా వంగే పరికరాలు లోపల ఆ కదలికలనే అనుసరిస్తాయి, యంత్రం తనంతట తాను ఏదీ కోయదు.

అయితే ఈ రెండు పద్ధతులనూ పోల్చుతూ 10 దేశాల్లో జరిగి 2017లో వెలువడిన రోలార్ అనే పరీక్షలో, మధ్యలో పొట్ట తెరవాల్సిన అవసరం లాపరోస్కోపీలో 12.2 శాతం, రోబోతో 8.1 శాతం ఉన్నా, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. చైనాలోని 11 ఆసుపత్రుల్లో అనుభవజ్ఞులు చేసిన శస్త్రచికిత్సల ఫలితాలు 2025లో వెలువడినప్పుడు మాత్రం, మూడేళ్లలో స్థానికంగా వ్యాధి తిరగబెట్టడం లాపరోస్కోపీలో 4 శాతం, రోబోతో 1.6 శాతంగా తేలింది. ఏ పొర వెంట కోయాలో రోబో రాకకు దాదాపు రెండు దశాబ్దాల ముందే తెలుసు. యంత్రం చేసిందల్లా ఆ పొర దాకా చేతిని మరింత నిలకడగా చేర్చడమే.